రోహిణి కార్తెలో చూసి ఎంచుకోండి

చల్లగా, ప్రశాంతంగా, జనం తక్కువగా ఉండే ఊరేదైనా ఉంటే చెప్పమని రిటైరైన స్నేహితురాళ్లు ఫోన్ చేస్తుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను. బ్యాంకు ఉద్యోగంలో బదిలీల మీద పాడేరులోనూ తమిళనాడు హోసూరులోనూ పనిచేశాను, మిగతా కాలమంతా హైదరాబాదే. నల్లకుంటలో మా ఫ్లాట్ పై అంతస్తులో ఉంది. మా ఆయనకు బైపాస్ అయింది. ఆయన వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు లాగేసేది, వేసవిలో చాలా జాగ్రత్తగా ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకే మాకు చల్లని చోటు సరదా కాదు, అవసరం.

ముందు ఒక మాట. ఏ ఊరినీ అది అందంగా ఉన్న రోజుల్లో చూసి నిర్ణయించుకోకండి. దాని గడ్డు రోజుల్లో వెళ్లి చూడండి. ఒక్కో ఊరికి ఆ గడ్డు రోజులు ఒక్కోసారి వస్తాయి. మనకైతే రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. ఊటీకి మే నెల సెలవులు. అరకుకు డిసెంబరు శని, ఆదివారాలు. లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అంటారు, చలికాలంలో పొగమంచు ఫొటోలు చూసి అందరూ ముచ్చటపడతారు. కానీ అది జనవరి సంగతి. నేను పాడేరులో పనిచేసిన రోజుల్లో మే మధ్యాహ్నం బ్రాంచిలో ఫ్యాన్లు ఆగితే కౌంటర్లో కూర్చోవడం కష్టంగా ఉండేది. చలికాలంలో బాగా చలి వేసే ఊరు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుందని అనుకోకండి.

ఊరి పేరు వినగానే నేను చూసేది దాని ఎత్తు. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే 700 మీటర్ల ఊరికి వెళ్లినా ఒక డిగ్రీ కన్నా పెద్దగా తేడా రాదు, 900 దాటితే రెండు రెండున్నర, 1,800 దాటితే ఎనిమిది. ఎత్తు తెలుసుకోవడానికి ఫోన్లో మ్యాప్ చాలు. రైల్వే స్టేషన్ ఉన్న ఊరైతే ప్లాట్‌ఫారం చివర పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కిందే సముద్రమట్టానికి ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ అంకెలు చూసుకుంటూ వెళ్లడం నాకు చాలా ఇష్టం.

ఎత్తు ఒక్కటే సరిపోదు. వాతావరణ శాఖ వాళ్లు ముప్పై ఏళ్ల సగటులు ఇస్తారు. అందులో గరిష్ఠం కన్నా ముందు ఏప్రిల్, మే నెలల కనిష్ఠం చూడండి. పగలు ఎలాగూ తలుపులేసుకుని ఇంట్లో ఉంటాం. రాత్రి చల్లబడకపోతే మాత్రం పెద్దవాళ్లకు నిద్ర ఉండదు, గుండెకూ విశ్రాంతి ఉండదు. హైదరాబాద్‌లో మే నెల సగటు పగలు 39 దగ్గర, రాత్రి 26 దగ్గర. బెంగళూరులో పగలు 33, 34, రాత్రి 21, 22. బెంగళూరు ఎత్తు 920 మీటర్లు, ఎత్తు లెక్కన రెండున్నర డిగ్రీలే తగ్గాలి, కానీ దాదాపు ఐదు తగ్గుతోంది. మిగతాది చాలావరకు ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఆ పీఠభూమి మీద పడే మామిడి జల్లుల చలవే. మధ్యాహ్నం వరకు ఎండ కాసి, నాలుగింటికి మబ్బు పట్టి, ఉరిమి ఒక గంట కురిసి పోతుంది. ఆ రాత్రి దుప్పటి వెతుక్కుంటాం. కాబట్టి ఎత్తుతో పాటు ఆ ఊరికి వేసవి జల్లులు ఉన్నాయా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

పాతకాలం వాళ్ల ఎంపిక నుంచి కూడా నేర్చుకోవచ్చు. క్షయకు మందులు లేని రోజుల్లో మంచి గాలే వైద్యం, అందుకని శానిటోరియాలను చాలా ఆలోచించి కట్టేవాళ్లు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో అలా వచ్చిందే. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల మీద నిజాం కాలంలో కట్టిన క్షయ ఆసుపత్రీ అంతే. మన నగరంలో చూస్తే బ్రిటిష్ రెసిడెంట్లు విడిదికి బొల్లారం వైపు వెళ్లేవాళ్లు. 1860లో కట్టిన ఆ భవనమే ఇప్పటి రాష్ట్రపతి నిలయం.

ఇక కొండల సంగతి. పేరున్న కొండలు నేను ఎవరికీ సలహా ఇవ్వను. చల్లదనం ఉంటుంది, కాదనను. కూనూరు, కోటగిరి 1,800 మీటర్ల దగ్గర ఉన్నాయి, మే నెలలో కూడా ఫ్యాను అక్కర్లేదు. అయితే మనకు చల్లదనం కావలసిన ఆ రెండు నెలల్లోనే దేశమంతా అక్కడికి వస్తుంది. ఊటీ, కొడైకెనాల్‌కు వచ్చే పర్యాటకుల బండ్లకు మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఈ-పాస్ పెట్టాల్సి వచ్చిందంటే రద్దీ ఎంతో అర్థమవుతుంది. పైగా అక్కడ వాన రెండు విడతలు, గోడలకు చెమ్మ, బీరువాలో బట్టలకు బూజు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఏటవాలు దారులు. సాయంత్రం అడవిదున్నలు వీధిలోకి వస్తాయి, వాటికి దారి ఇచ్చి నిలబడాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ తేమలో ఒక వానాకాలం ఉండి చూడకుండా మకాం మార్చకండి.

కొనే ఆలోచన ఉంటే చట్టం ముందు తెలుసుకోవాలి. అరకు, పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి, ఇటు మన ఏటూరునాగారం, ఉట్నూరు, ఇవన్నీ ఏజెన్సీ ప్రాంతాలు. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనకూడదు. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో బిగించారు, అందరూ 1/70 చట్టం అనేది దాన్నే. పేరు ఒకరిది డబ్బు ఒకరిది అనే ఏర్పాట్లు చేయిస్తామని కొందరు వస్తారు. వాళ్లను గుమ్మం బయటి నుంచే పంపించండి. ఆ చట్టం వల్లే అక్కడి వాళ్లకు నాలుగు ఎకరాలైనా మిగిలాయని పాడేరులో నా కళ్లతో చూశాను, దాన్ని తప్పించుకోవాలనుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. హిమాచల్‌లో కూడా 1972 చట్టం 118వ సెక్షన్ ఉంది, అక్కడి వ్యవసాయదారులు కాని వాళ్లు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ మీద ఇల్లు దొరుకుతుందా అని చాలామంది అడుగుతారు. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ, కడప కలెక్టరు హార్సిలీ వేసవి ఇల్లు కట్టుకున్నాక ఈ పేరు వచ్చింది. పైన స్థలం చాలావరకు ప్రభుత్వానిదీ అటవీ శాఖదీ. రెండు రోజులు అతిథి గృహంలో ఉండొచ్చు, కాపురం ఉండలేం. కింద మదనపల్లె సుమారు 700 మీటర్లు, మంచి ఊరు, మనకన్నా రాత్రిళ్లు హాయి. టమాటా మార్కెట్ వైపు మాత్రం ఇల్లు తీసుకోకండి, సీజన్లో లారీల రాకపోకలకు అక్కడ నిద్ర కష్టం.

నేను వెతకమనేది పేరు లేని ఎత్తు. 800 నుంచి వెయ్యి మీటర్ల మధ్య, టూరిస్టు బస్సు ఆగని, మన మాట అర్థమయ్యే ఊళ్లు. అలాంటివి చాలా ఉన్నాయి. కోలార్, ముళబాగిలు, చింతామణి వైపు తెలుగు ఇంటింటా వినబడుతుంది. అక్కడ నీళ్లే కష్టం, బోర్లు వెయ్యి అడుగులు దాటి వెళ్తున్నాయి. హోసూరు నుంచి డెంకణికోట, తళి వైపు వెళ్తే వెయ్యి మీటర్ల దగ్గర పల్లెలు, రాగి చేలు, గులాబీ తోటలు. తళిని తెల్లవాళ్లు లిటిల్ ఇంగ్లండ్ అనేవాళ్లట. కిరాణా కొట్లో తెలుగు, కన్నడం, తమిళం మూడూ నడుస్తాయి. మేము ఉగాది దాటాక వెళ్లి ఆ వైపే ఒక పల్లెలో అద్దెకు ఉంటాం, మృగశిర కార్తె వచ్చి ఇక్కడ నాలుగు చినుకులు పడ్డాక తిరిగి వస్తాం. హోసూరు ఊళ్లో మాత్రం వద్దు. నేను పనిచేసిన నాటి ఊరు కాదు అది, ఫ్యాక్టరీలు, హైవే, బెంగళూరు ట్రాఫిక్ అంతా అక్కడికి వచ్చేసింది.

అక్కడ ఇల్లు వెతికినప్పుడు నేను చేసిన పనులు చెబుతాను, ఇవి ఏ ఊరికైనా పనికొస్తాయి.

ఆ పీఠభూమికి గడ్డు కాలం మే కాదు, మార్చి చివర నుంచి జల్లులు మొదలయ్యే వరకు. అందుకని ఏప్రిల్ మొదట్లో వెళ్లాను. వీధిలో నడుస్తూ ఇళ్ల గోడలు చూశాను. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎక్కడైనా వేలాడుతున్నాయా అని. డబ్బున్న వాళ్ల డాబాలకు కూడా లేకపోతే ఆ ఊరు చల్లనిదే. ఇల్లు అద్దెకిచ్చే వాళ్లను చల్లగా ఉంటుందా అని అడిగితే ఉంటుందనే అంటారు. అలా కాకుండా, "ఏప్రిల్‌లో మీరు ఎక్కడ పడుకుంటారమ్మా, లోపలా, డాబా మీదా?" అని అడగండి. లోపలే, కిటికీ తీసి పడుకుంటాం అంటే నమ్మొచ్చు. బోరు ఎన్ని అడుగులు, మే నెలలో ట్యాంకర్ తెప్పిస్తారా అన్నది ఇంటివాళ్లను కాకుండా పక్కింటి వాళ్లను అడగాలి. కరెంటు ఉరిమినప్పుడల్లా పోతుందా, పోతే ఎంతసేపు అన్నది కూడా. పాలాయన, ఇస్త్రీ ఆయన, మందుల షాపు అబ్బాయి, వీళ్లు ముగ్గురూ నిజం చెబుతారు. మందుల షాపులో మా ఆయన మాత్రల చీటీ చూపించాను, అన్నీ దొరుకుతాయో లేదో అక్కడే తెలిసిపోయింది.

అడవి దగ్గరైతే ఏనుగుల సంగతి అడగాలి. డెంకణికోట వైపు రాగి కోతల కాలంలో అవి చేలమీదికి వస్తాయి. ఊరి చివర ఒంటరి ఇల్లు ఫొటోలో ఎంత బాగున్నా, వయసు మళ్లిన ఇద్దరు ఉండడానికి ఊరి నడుమ వీధిలో ఇల్లే మేలు. ఛాతీలో నొప్పి వస్తే గంటలోపు పెద్దాసుపత్రికి చేరగలమా అన్నదే నా మొదటి గీత. ఆ గీత అవతల ఎంత చల్లని ఊరున్నా మాకు వద్దు. అందుకని పగలు ఒకసారి, రాత్రి ఒకసారి ఆటోలో ఆసుపత్రి దాకా వెళ్లి చూసుకున్నాం.

అడ్వాన్సు అక్కడ బెంగళూరు పద్ధతి, చాలా నెలలది ఒకేసారి అడుగుతారు. బేరం ఆడండి, చెక్కు మీద ఇవ్వండి. అగ్రిమెంటు తమిళంలో రాస్తారు, తెలుగు మాట్లాడినంత మాత్రాన కాగితం చదవలేం కదా, ఇంగ్లిషు ప్రతి కూడా రాయించుకోవాలి. ప్రయాణానికి ఇబ్బంది లేదు, 2023లో వేసిన కాచిగూడ - యశ్వంత్‌పూర్ వందే భారత్ ఎక్కితే మధ్యాహ్నానికి బెంగళూరు.

హైదరాబాద్ వదల్లేని వాళ్లే ఎక్కువ. పిల్లల ఉద్యోగాలు, మనవల బడులు, డయాలసిస్, ఏవేవో ఉంటాయి. ఊరు మార్చలేకపోతే ఇల్లు మార్చుకోవచ్చు. ఒకే వీధిలో రెండు ఇళ్ల మధ్య కూడా రాత్రి వేడిలో తేడా బాగా తెలుస్తుంది. పై అంతస్తు ఎంత గాలి వచ్చినా వద్దు. పగలంతా ఎండ తాగిన స్లాబ్ రాత్రంతా ఆ వేడిని కిందికి దించుతుంది. మా ఇంట్లో పదకొండు గంటలకు మంచం పక్క గోడ మీద అరచెయ్యి పెడితే జ్వరం వచ్చిన ఒంటిలా ఉంటుంది. మధ్య అంతస్తు, పడకగది తూర్పుకో ఉత్తరానికో, పడమర వైపు పెద్ద చెట్టో పక్క అపార్ట్‌మెంటో అడ్డం ఉండటం, ఇవి చూసుకోండి. వేపచెట్టు నీడ పడే గోడకూ పడని గోడకూ తేడా సాయంత్రం ఆరింటికి చేత్తో తాకితే తెలుస్తుంది. ఇంకొకటి చాలామంది చూడరు. పక్క బిల్డింగుకూ మనకూ మధ్య ఉన్న మూడడుగుల సందులోకి ఎవరి ఏసీ అవుట్‌డోర్లు వేడి గాలి వదులుతున్నాయో చూడాలి. అవి మీ కిటికీకి ఎదురుగా ఉంటే ఆ కిటికీ ఇక తెరవలేరు. పై అంతస్తు సొంతమైతే డాబాకు కూల్ రూఫ్ పెయింటు వేయించండి, సున్నం కొట్టించినా మేలే. 2023లో తెలంగాణ ప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది.

ప్రాంతాల విషయానికొస్తే బొల్లారం, యాప్రాల్, సైనిక్‌పురి వైపు మిలటరీ స్థలాల వల్ల చెట్లు మిగిలాయి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ గోడ పక్కన సాయంత్రం నడిస్తే ఒంటికి తేడా తెలుస్తుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాలకు, కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో రక్షణ ఉండేది, మొయినాబాద్ వైపు పచ్చదనం దాని పుణ్యమే. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. కాబట్టి ఇవాళ కిటికీలోంచి కనిపించే మామిడితోట పదేళ్లు ఉంటుందని నమ్మి డబ్బు పెట్టకండి. గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు అమ్మేవాళ్ల బ్రోషర్లలో చెట్లు నిండుగా ఉంటాయి. ఒక కంపెనీ వాళ్లు మమ్మల్ని తీసుకెళ్లి చూపించిన చోట ఏప్రిల్ మధ్యాహ్నం నిలబడటానికి నీడ లేదు.

చప్పుడు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వేడి రెండు మూడు నెలలే, చప్పుడు ఏడాదంతా. హైదరాబాద్‌లో ఇల్లు చూసేటప్పుడు ముందు మ్యాప్‌లో ఫంక్షన్ హాళ్లు వెతకండి. అర కిలోమీటరు లోపు ఒక్కటి ఉన్నా ఆ ఇల్లు నేను చూడను. ఆషాఢంలోనో పుష్యంలోనో వెళ్తే ఆ హాలు తాళం వేసి ఉంటుంది, వీధి గుడిలా ప్రశాంతంగా కనిపిస్తుంది. వైశాఖంలో ముహూర్తం ఉన్న రాత్రి వెళ్లండి. బరాత్, బ్యాండు, డీజే, టపాసులు, అర్ధరాత్రి దాటాక గిన్నెలు కడిగే చప్పుడు, ఖాళీ కుర్చీలు లారీలోకి విసిరే చప్పుడు, అన్నీ ఆ ఒక్క రాత్రిలో తెలుస్తాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. నిబంధన ఉందని ధైర్యంగా ఉండకండి, ఫోన్లో డెసిబెల్ యాప్ వేసుకుని ఆ ఇంటి పడకగదిలో నిలబడి చూడండి. అంకె కచ్చితంగా రాకపోయినా, మీ ప్రస్తుత ఇంటి అంకెతో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

తెల్లవారి ఐదింటికి కూడా ఒకసారి వెళ్లాలి. నీళ్ల ట్యాంకర్లు ఆ వేళకే తిరుగుతాయి, కాలేజీ బస్సులు ఎక్కడ ఆగి హారన్ కొడతాయో తెలుస్తుంది. హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల వాయుసేన శిక్షణ విమానాలు పగలు తిరుగుతాయి, ఆ శబ్దం మీకు పరవాలేదా అన్నది అక్కడ ఒక పనిదినం గడిపితేనే తెలుస్తుంది, ఆదివారం వెళ్తే తెలియదు. ఎదురుగా ఖాళీ స్థలం ఉంటే సంబరపడకుండా ఎవరిదో కనుక్కోండి. రేపు అక్కడ బోరు బండి, తర్వాత రెండేళ్లు సెంట్రింగ్ పని వస్తాయి. పార్కో, చెరువు శిఖమో (చెరువు నీళ్లు నిలిచే భూమి), మిలటరీ స్థలమో అయితే కొంత నయం. చెరువు పక్కన దోమలు ఉంటాయి, సాయంత్రం ఆరున్నరకు వెళ్లి కాసేపు నిలబడండి.

చివరిగా, ఎక్కడికి వెళ్లినా వెంటనే కొనకండి. ముందు అద్దెకు తీసుకుని ఒక పూర్తి వేసవి ఉండండి. ఇద్దరూ ఉండాలి, ఒకరికి నచ్చి ఇంకొకరు సర్దుకుంటున్నారేమో గమనించుకోవాలి. మా ఆయనకు మొదటి వారం పేపరు ఆలస్యంగా వస్తోందని దిగులుగా ఉండేది. తర్వాత కల్లాల దగ్గర కబుర్లు చెప్పే రైతు ఒకాయన దొరికాడు, ఆయన తెలుగు మాకు సగమే అర్థమైనా ఇద్దరికీ బాగా కుదిరింది. మీకు మనుషులు ఎక్కువ కావాలంటే పల్లె కాకుండా చిన్న పట్నం చూసుకోండి. ఇక్కడి ఇల్లు మూసి వెళ్లేటప్పుడు గ్యాస్ కట్టేసి, ట్యాంకు వాల్వు తిప్పేసి, ఒక తాళంచెవి నమ్మకమైన పొరుగింట్లో ఇవ్వండి. మాత్రలు నెలన్నరకు సరిపడా తీసుకెళ్లండి, డాక్టరు రాసిన చీటీ ఫోన్లో ఫొటోగానూ కాగితంగానూ రెండు రకాలుగా దగ్గర పెట్టుకోండి. ఇంకో రాష్ట్రమైతే ఆరోగ్య బీమా అక్కడి ఆసుపత్రిలో క్యాష్‌లెస్‌గా నడుస్తుందో లేదో బయల్దేరే ముందే కంపెనీకి ఫోన్ చేసి, ఆసుపత్రి పేరు చెప్పి మరీ అడగండి.